సముద్రం మనకూ ఉంది, మరి శ్రీలంక ఎందుకు?

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకురాలికి జవాబిస్తూ, మొదటిసారి దేశం దాటేవాళ్లు బ్యాంకాక్, దుబాయ్ కంటే ముందు శ్రీలంక చూస్తే బాగుంటుందని రాశాను. కారణాలు రాసేంత చోటు అప్పుడు లేదు. దాని మీద విశాఖ, అనకాపల్లి, భీమిలి వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఒప్పుకున్నారు, కొందరు గట్టిగానే నిలదీశారు. ఈ నెల పేజీ అంతా వాటికే.

ప్రశ్న: మాది పెదవాల్తేరు. ఆర్కే బీచ్‌కి రోజూ నడిచే వెళ్తాను. రుషికొండ ఉంది, యారాడ ఉంది, భీమిలి ఉంది. ఎండకి కొదవ లేదు, సముద్రానికి కొదవ లేదు. మా అబ్బాయేమో శ్రీలంక వెళ్దాం నాన్నా అంటున్నాడు. అంత డబ్బు పోసి మళ్లీ అదే ఎండ, అదే నీళ్లు చూడటానికి వెళ్లాలా?
(పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు)

జవాబు: ఇసకా నీళ్లూ మాత్రమే అయితే వెళ్లక్కర్లేదండి, మీరన్నది నిజం. విశాఖ వాళ్లకి బీచ్ అమ్మజూపే టూర్ ప్యాకేజీలు చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ మీ అబ్బాయి అడుగుతున్నది బీచ్ ఒక్కటే కాదేమో కనుక్కోండి. ఆ దేశం మొత్తం విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. అంత చిన్న చోట యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినవి ఎనిమిది ఉన్నాయి, అందులో ఆరు చారిత్రక స్థలాలు. పొద్దున సముద్రంలో స్నానం చేసి, మధ్యాహ్నం భోజనం దారిలో చేసి, సాయంత్రానికి రెండు వేల ఏళ్ల నాటి స్తూపం ముందు నిలబడొచ్చు. మరో దారిన వెళ్తే స్వెట్టర్ వేసుకోవాల్సిన టీ తోటల్లో ఉంటారు. ఇన్నీ ఇంత దగ్గర దగ్గరగా, మన పక్కనే ఉన్న దేశం ఇంకొకటి నాకు తెలియదు.

ఇంకో కారణం చెబుతాను, నా దృష్టిలో అసలు కారణం ఇదే. అక్కడ మీకు కనబడే చరిత్రలో సగం మన తీరంలో మొదలైనదో, మన తీరానికి వచ్చిందో. భీమిలిలో డచ్ సమాధులు చూసే ఉంటారు, కోసుగా లేచిన ఆ పాత కట్టడాలు. 17వ శతాబ్దంలో అక్కడ వ్యాపారం పెట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీయే శ్రీలంక దక్షిణ కొసన ఉన్న గాలె కోటని 1640లో పోర్చుగీసుల చేతుల్లోంచి లాక్కుని, ఇప్పుడు మనం చూసే రూపానికి తెచ్చింది. భీమిలిలో మనకి మిగిలింది సమాధులూ కొన్ని పాత గోడలే. గాలెలో మాత్రం ఊరు ఊరంతా నిలిచి ఉంది, పైగా అందులో మనుషులు కాపురాలు చేస్తున్నారు. కోట గోడ లోపల బళ్లు, కోర్టు, మసీదు, నేల మీద సమాధి రాళ్లు పరిచిన డచ్ చర్చి, వీధుల కింద సముద్రపు పోటుకి శుభ్రమయ్యేలా ఆ రోజుల్లోనే కట్టిన మురుగు కాల్వలు. 1796లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు, కోట మారలేదు. 2004 సునామీలో బయట బస్టాండు వైపు ఊరు దారుణంగా దెబ్బతింది, లోపలి ఊరిని చాలావరకు ఆ గోడలే కాపాడాయి. సాయంత్రం ఆ గోడల మీద నడుస్తుంటే ఒక పక్క సముద్రం, ఒక పక్క పెంకుటిళ్లు, కాస్త అవతల క్రికెట్ స్టేడియం. టీవీలో గాలె టెస్టు చూసినప్పుడు కనిపించే కోట అదే.

మీరు పోర్టు మనిషి కాబట్టి ఇంకొకటి. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులేసిన సంగతి మీ పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. అది ఏప్రిల్ 6. దానికి ముందు రోజు, ఈస్టర్ ఆదివారం నాడు, కొలంబో మీద దాడి జరిగింది. 9న ఆ దేశపు తూర్పు తీరంలోని ట్రింకోమలీ రేవు మీద పడ్డారు, అదే రోజు బట్టికలోవా దగ్గర హెర్మీస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌకను ముంచేశారు. మన ఊరు, కాకినాడ, కొలంబో, ట్రింకోమలీ అన్నీ ఒకే వారంలో ఒకే జపాన్ దాడిలో భాగం. మన పుస్తకాల్లో విశాఖ ఒక్కటే విడిగా కనబడుతుంది. ట్రింకోమలీలో కొండ మీద నిలబడి ఆ సహజ రేవుని చూస్తే ఆ వారమంతా ఎందుకలా జరిగిందో, బంగాళాఖాతం మీద పట్టు కోసం అంత పోరు ఎందుకో తెలుస్తుంది. రేవుల్ని చూసిన కళ్లు మీవి, నాకన్నా మీకే ఎక్కువ అర్థమవుతుంది. అబ్బాయితో వెళ్లి రండి.

ప్రశ్న: పిల్లలకి వేసవి సెలవులు తప్ప మాకు వీలు పడదు. మేలో శ్రీలంకలో వర్షాలని ఒకరంటున్నారు, కాదు బ్రహ్మాండంగా ఉంటుందని ఏజెంటు అంటున్నాడు. ఎవరిది నిజం?
(ఒక గృహిణి, మధురవాడ)

జవాబు: ఇద్దరిదీ నిజమేనమ్మా, కాకపోతే ఇద్దరూ వేరే వేరే తీరాల గురించి చెబుతున్నారు. శ్రీలంక గురించి ఈ ఒక్క విషయం సరిగ్గా తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ చిన్న దీవికి రెండు రుతుపవనాలు రెండు వైపుల నుంచి వస్తాయి. నైరుతి మే చివర్లో మొదలై సెప్టెంబరు దాకా పడమర, దక్షిణ తీరాలని తడుపుతుంది, అంటే కొలంబో, బెంటోటా, గాలె, మిరిస్సా వైపు. అప్పుడు అక్కడి సముద్రం రఫ్‌గా ఉంటుంది, పిల్లల్ని దించకూడదు. మధ్యలో కొండలు అడ్డం ఉన్నాయి కాబట్టి అదే నెలల్లో తూర్పు తీరం పొడిగా, ఎండగా ఉంటుంది. ట్రింకోమలీ, నీలావెలి, పాసికుడా వైపు నీళ్లు చెరువులా ఉండే రోజులు అవి. ఈశాన్య రుతుపవనం వచ్చే నవంబరు నుంచి జనవరి వరకు వానలు తూర్పుకి మారతాయి, డిసెంబరు నుంచి మార్చి దాకా గాలె వైపు హాయిగా ఉంటుంది.

మన సెలవుల లెక్కలో చెప్పాలంటే, సంక్రాంతికి వెళ్తే గాలె, మిరిస్సా. వేసవిలో వెళ్తే ట్రింకోమలీ, దాంతోపాటు లోపల సిగిరియా బండ కోట, పాత రాజధాని పొలొన్నరువ. దసరాకి మాత్రం సముద్రం కోసం వెళ్లకండి. అక్టోబరులో రెండు వైపులా మధ్యాహ్నం ఉరుములతో వానలు పడుతుంటాయి, గుళ్లూ కోటలూ చూడటానికైతే ఫర్వాలేదు.

మీ ఏజెంటు మేలో బెంటోటా హోటల్ బుక్ చేస్తానంటే ఒప్పుకోవద్దు. రేటు తక్కువ ఉండటానికి కారణం ఆ వానలే.

మేలో ఇంకో మంచి విషయం ఉంది. వైశాఖ పౌర్ణమిని అక్కడ వెసక్ అంటారు, బుద్ధుడి పుట్టుక, జ్ఞానోదయం, నిర్యాణం మూడూ ఆ రోజేనని వాళ్ల నమ్మకం. ఇళ్ల ముందు కాగితపు లాంతర్లు, వీధుల్లో జాతక కథలతో పెద్ద పెద్ద లైట్ల తోరణాలు కడతారు. దారిన పోయేవాళ్లని ఆపి అన్నం, మంచినీళ్లు, టీ ఉచితంగా పెడతారు, ఆ పందిళ్లని దన్సల్ అంటారు. మీ పిల్లల్ని కూడా పిలుస్తారు, మొహమాటపడకుండా వెళ్లండి, విదేశీయులు కూర్చుని తింటే వాళ్లకి సంతోషం. ఆ రోజుల్లో రైళ్లూ బస్సులూ కిటకిటలాడతాయి కాబట్టి రూములు మాత్రం ముందే చూసుకోవాలి. అలాగే ఏప్రిల్ 13, 14 తేదీల్లో వాళ్ల కొత్త సంవత్సరం, ఆ రెండు మూడు రోజులు షాపులు, చిన్న హోటళ్లు మూసేసి అందరూ సొంతూళ్లకి వెళ్లిపోతారు. ఆ తేదీలు తప్పించండి.

ప్రశ్న: మేమిద్దరం రిటైర్డ్ టీచర్లం. బొజ్జన్నకొండ మా ఇంటికి దగ్గరే, తొట్లకొండ, బావికొండ చూశాం. శ్రీలంకలో బౌద్ధ స్థలాలు చూడాలని ఉంది కానీ నాకు మోకాళ్ల నొప్పులు. సిగిరియా ఎక్కలేకపోతే వెళ్లి ప్రయోజనం ఉందా?
(ఒక పాఠకురాలు, అనకాపల్లి)

జవాబు: టీచర్ గారూ, మీలాంటి వాళ్లే ముందు వెళ్లాలి. సిగిరియా ఎక్కకపోయినా మీకు లోటేమీ ఉండదు, ఎందుకంటే మీకు కావలసింది పాత రాజధాని అనురాధపుర, అది చదునైన నేల.

మన కొండల మీద స్తూపాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఇటుక పునాదులు, చక్రం ఆకారపు గోడలు, విహారాల గదుల గుర్తులు. అక్కడ భిక్షువులు ఏం చేసేవారో, జనం ఎలా వచ్చేవారో మనం ఊహించుకోవాలి. అనురాధపురలో ఊహించుకోనక్కర్లేదు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో దుట్టగామణి రాజు కట్టించిన రువన్‌వెలిసాయ స్తూపం చుట్టూ ఈ రోజుకీ తెల్లబట్టలు కట్టుకున్న కుటుంబాలు తామరపూలు పట్టుకుని ప్రదక్షిణ చేస్తుంటాయి. పక్కనే శ్రీ మహాబోధి. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ బోధివృక్షం కొమ్మని తెచ్చిందని, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో నాటారని వాళ్ల చరిత్ర చెబుతుంది. మనిషి నాటిన చెట్లలో, నాటిన కాలం తెలిసినవాటిలో, ఇంత పాతది ఇంకొకటి లేదు. బంగారు రంగు ఊతకర్రల మీద ఆనించి ఉన్న ఆ కొమ్మల కింద ముసలివాళ్లు గంటల తరబడి కూర్చుంటారు. ఎవరూ లేవమనరు. మీరూ కూర్చోండి.

జేతవనారామం మరీ ఆశ్చర్యం. మూడో శతాబ్దం చివర్లో మహాసేనుడు మొదలుపెట్టిన ఇటుక స్తూపం అది, కట్టినప్పుడు 122 మీటర్ల ఎత్తు. ఆ కాలానికి ప్రపంచంలో దానికంటే ఎత్తైనవి ఈజిప్టులో గిజా పిరమిడ్లు రెండే. ఇప్పుడు సుమారు 71 మీటర్లు మిగిలింది, అయినా దాని కిందకి వెళ్లి తల ఎత్తితే మెడ నొప్పెడుతుంది.

వీటికీ మనకీ సంబంధం నేను కల్పించి చెబుతున్నది కాదు. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనంలో సీహళ విహారం ప్రస్తావన ఉంది, అంటే సింహళ భిక్షువుల కోసం కృష్ణ ఒడ్డున విహారం ఉండేది. పల్నాడు సున్నపురాయి మీద అమరావతి పద్ధతిలో చెక్కిన శిల్పాలు శ్రీలంకలో దొరికాయి. అనురాధపుర మ్యూజియంలో ద్వారాల దగ్గర నాగరాజుల విగ్రహాలు చూసినప్పుడు అమరావతి గుర్తుకు రాకపోతే నన్నడగండి.

ఇక సిగిరియా. పైదాకా సుమారు 1,200 మెట్లు. కింద నీటి తోటలు, కొలనులు, బండల మధ్య గుహలు ఉన్నాయి, వాటికి ఎక్కే పని లేదు, పొద్దున్నే వెళ్తే అవే రెండు గంటలు పడతాయి. ఐదో శతాబ్దంలో తండ్రి ధాతుసేనుణ్ణి చంపించి రాజైన కాశ్యపుడు, ఇండియాకి పారిపోయిన తమ్ముడు మొగ్గల్లానుడు తిరిగొస్తాడన్న భయంతో ఈ బండ మీద కోట కట్టుకున్నాడు. 495లో తమ్ముడు రానే వచ్చాడు, కాశ్యపుడు పోయాడు, ఆ బండ భిక్షువుల చేతికి వెళ్లింది. తర్వాతి శతాబ్దాల్లో చూడటానికి వచ్చిన జనం అక్కడి అద్దంలాంటి గోడ మీద, పైన బండ మీద వేసిన బొమ్మల్లోని స్త్రీల గురించి పద్యాలు గీశారు, వందలకొద్దీ. సింహళ కవిత్వంలో అతి పాతవాటిలో అవి కొన్ని. మీవారు ఎక్కగలిగితే ఎక్కి చూసి రానివ్వండి, మీరు కింద కొలను గట్టున నీడలో ఉండండి. బలవంతంగా ఎక్కి మోకాళ్లు పాడుచేసుకుంటే మిగిలిన ట్రిప్ అంతా పోతుంది.

ఒక్క జాగ్రత్త. జూన్ పౌర్ణమికి పొసన్ పండుగ, అశోకుడి కొడుకు మహేంద్రుడు అనురాధపుర దగ్గరి మిహింతలే కొండకి వచ్చి బౌద్ధం చెప్పిన రోజు. అనురాధపుర అంతా జనసముద్రం అవుతుంది. భక్తితో చూడాలనుకుంటే అంతకంటే మంచి రోజు లేదు, నడవడం కష్టమనుకుంటే ఆ వారం వద్దు.

ప్రశ్న: క్యాండీని చివరగా ఏలిన రాజులు తెలుగువాళ్లని ఎక్కడో చదివాను. నిజమేనా?
(డిగ్రీ విద్యార్థి, భీమిలి)

జవాబు: నిజమే తమ్ముడూ, కాస్త వివరం ఉంది. శ్రీలంక నడుమ కొండల్లోని క్యాండీ రాజ్యాన్ని ఏలిన రాజులు మదురై నాయకుల ఇళ్ల నుంచి అమ్మాయిల్ని పెళ్లి చేసుకునేవారు. మదురై నాయకులు విజయనగర కాలంలో అటు వెళ్లిన తెలుగు కుటుంబాలని నీకు తెలిసే ఉంటుంది. 1739లో సింహళ రాజు వారసుడు లేకుండా చనిపోతే రాణి తమ్ముడు శ్రీ విజయ రాజసింహ గద్దెనెక్కాడు. అక్కణ్నుంచి 1815 దాకా నలుగురూ నాయక వంశం వాళ్లే. వాళ్లలో కీర్తి శ్రీ రాజసింహ పేరు గుర్తుపెట్టుకో. పుట్టుకతో శైవుడైన ఆ కుటుంబం మనిషి, బౌద్ధ భిక్షువుల దీక్షా పరంపర తెగిపోతే, 1753లో సయాం, అంటే ఇప్పటి థాయిలాండ్ నుంచి భిక్షువుల్ని రప్పించి మళ్లీ నిలబెట్టాడు. ఈ రోజు క్యాండీలో జూలై, ఆగస్టుల్లో జరిగే ఎసల పెరహెర అనే ఊరేగింపులో బుద్ధుడి దంతధాతువు పేటికతో ఏనుగు ముందుకు నడవడం ఆయన కాలంలో వచ్చిన ఏర్పాటే.

చివరివాడు శ్రీ విక్రమ రాజసింహ, చిన్నప్పటి పేరు కన్నసామి. దంతమందిరం ముందు కనబడే అందమైన చెరువు ఆయన తవ్వించిందే. 1815లో సర్దారులు ఇంగ్లీషువాళ్లతో కలిశారు, రాజుని పట్టుకుని వెల్లూరు కోటకి తరలించారు, 1832లో అక్కడే కన్నుమూశాడు. ఆయన గురించి రెండు రకాలుగా చెబుతారు, క్రూరుడని కొందరు, పరాయివాడు కాబట్టి చెడ్డవాడిగా చిత్రించారని ఇంకొందరు. రెండో మాటలో బలం ఉందని నేననుకుంటాను, అయితే ఆయన పాలన చివరి ఏళ్లు నెత్తుటితో నిండినవనీ ఒప్పుకోవాలి. నువ్వు వెళ్లినప్పుడు క్యాండీ మ్యూజియంలో కాస్త ఎక్కువసేపు గడుపు.

ఇంకొకటి కూడా తెలుసుకో. అనురాధపుర జిల్లాలోనూ తూర్పు వైపునా అహికుంటిక అనే సంచార కుటుంబాలున్నాయి. పాములాట, జోస్యం వాళ్ల పాత వృత్తి, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఎప్పుడో తరాల కిందట దాటి వెళ్లినవాళ్లు. ఇప్పుడు చాలామంది స్థిరపడ్డారు, పిల్లలు బడిలో సింహళం నేర్చుకుంటున్నారు, తెలుగు తగ్గిపోతోంది. వాళ్లు కలిస్తే మనిషిలా పలకరించి తెలుగులో మాట్లాడు. వీడియో తీయడానికి ఊరు వెతుక్కుంటూ వెళ్లొద్దు.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. ఉల్లి వెల్లుల్లి తింటాం. అక్కడ అన్నీ చేపలేనని విని భయంగా ఉంది.
(సీతమ్మధార)

జవాబు: భయం వద్దు, కానీ ఒక విషయంలో కన్నేసి ఉంచాలి. వాళ్ల అన్నం కూరల భోజనంలో పప్పు, పనసకాయ కూర, బీన్స్, గుమ్మడి, బీట్‌రూట్ ఇలా నాలుగైదు కూరగాయల వంటకాలు ఎలాగూ ఉంటాయి. అన్నీ కొబ్బరిపాలతో. ఆకు సన్నగా తరిగి కొబ్బరి, నిమ్మరసం కలిపి గొటుకొళ సంబోల్ చేస్తారు, అది మన సరస్వతి ఆకే. పొద్దున ఇడియాప్పం, ఆప్పం. గేదె పెరుగు మట్టి పిడతలో ఇచ్చి మీద కితుల్ పాకం పోస్తారు. కితుల్ అంటే మన ఏజెన్సీలో జీలుగు కల్లు గీసే చెట్టే, ఆ రసాన్ని అక్కడ కాచి పాకం చేస్తారు. దాని రుచి చూడకుండా రావద్దు.

కన్నేసి ఉంచాల్సింది కొబ్బరి కారం విషయంలో. పొల్ సంబోల్ అనే ఆ ఎర్రటి కొబ్బరిలో ఎండబెట్టిన చేప పొడి వేసే అలవాటుంది, దాన్ని ఉంబలకడ అంటారు. కొన్ని కూరల్లో, పప్పులో కూడా వేస్తారు. వాళ్ల లెక్కలో అది మసాలా, అందుకే వెజిటేరియనా అని అడిగితే అవునని చెప్పేస్తారు, మోసం ఉద్దేశం ఉండదు. "మస్, మాలు, ఉంబలకడ ఎపా" అని చెప్పండి, మాంసం, చేప, ఆ పొడి వద్దని. కొలంబోలో వెళ్లవత్త వైపు, ట్రింకోమలీ, జాఫ్నా ఊళ్లలో తమిళుల సైవ హోటళ్లు, అంటే శాకాహార హోటళ్లు ఉంటాయి. ఇడ్లీ, దోసె, వడ, సాంబారు అన్నీ దొరుకుతాయి, అక్కడ ఏ అనుమానమూ అక్కర్లేదు.

ప్రశ్న: అమ్మా నేనూ ఇద్దరమే వెళ్లాలనుకుంటున్నాం. ఇబ్బందేమైనా ఉంటుందా? యుద్ధం జరిగిన దేశం కదా, 2022లో పెట్రోలు కూడా దొరకలేదని చూశాం.
(ఎంవీపీ కాలనీ)

జవాబు: యుద్ధం 2009లో ముగిసింది. 2022 కష్టం నిజమే, జనం రోజుల తరబడి క్యూలలో నిలబడ్డారు. ఇప్పుడు యాత్రికులకి ఆ ఇబ్బంది లేదు. పైగా విదేశీ యాత్రికులు తెచ్చే డబ్బు ఆ దేశానికి చాలా అవసరం, వీలైతే పెద్ద హోటల్ బదులు ఇల్లుగలవాళ్లే నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగండి, భోజనం కూడా వాళ్లింట్లోనే దొరుకుతుంది. ఇద్దరు ఆడవాళ్లకి ఇంటివాళ్ల తోడు ఉండటం మంచిది కూడా. చీకటి పడ్డాక ఖాళీ బీచ్‌లో నడక వద్దు, ఆటోకి బదులు యాప్‌లో బండి పిలుచుకోండి, కొలంబోలో పిక్‌మీ అనే యాప్ వాడతారు. గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, చెప్పులు విప్పాలి, నేల ఎండకి కాలిపోతుంది కాబట్టి సాక్సులు పెట్టుకోండి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం వాళ్లకి చాలా తప్పు. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో మనుషులు కోల్పోయిన కుటుంబాలు ఎన్నో. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, మీరుగా యుద్ధం గురించి తవ్వి అడగవద్దు.

ప్రశ్న: ప్రైవేటు ఉద్యోగం, సెలవు వారం దొరుకుతుంది. వీసా, డబ్బులు, రూటు వివరంగా చెప్పండి. మీరు పొగిడినవన్నీ వారంలో చూడగలనా?
(గాజువాక)

జవాబు: చూడలేరు, ప్రయత్నించకండి కూడా. దేశం చిన్నదే కానీ రోడ్లు మెలికలు. మ్యాపులో వంద కిలోమీటర్లు కనబడితే కొండల వైపు మూడు గంటలు వేసుకోవాలి. వారంలో తొమ్మిది ఊళ్లు చూపించే ప్యాకేజీలు ఉంటాయి, వాటిలో మీరు చూసేది వ్యాన్ కిటికీ.

విశాఖ నుంచి చెన్నై వెళ్లి అక్కణ్నుంచి కొలంబో విమానం ఎక్కడం సులువు, రెండోది గంటన్నర లోపే. బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే అనుమతి తీసుకోవాలి. ఫీజు, ఉచితం విషయంలో నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి శ్రీలంక ప్రభుత్వ సైటులోనే చూడండి, అదే పేరుతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లున్నాయి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువుండాలి. మన రూపాయికి వాళ్ల రూపాయలు మూడుకి పైనే వస్తాయి, దాంతో అంతా చవక అనుకుంటారు, బస్సు, రైలు, భోజనం వరకు అది నిజం. చారిత్రక స్థలాల్లో విదేశీయుల టికెట్లు మాత్రం బాగా ఎక్కువ. చాలాచోట్ల సార్క్ దేశాల వాళ్లకి తగ్గింపు ఉంది, దానికి ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి, హోటల్ లాకర్లో పెట్టి వెళ్లొద్దు. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ కొన్ని చోట్ల మన యూపీఐ పనిచేస్తోంది, అయినా చేతిలో క్యాష్ ఉండాలి.

రైలు మాత్రం వదలకండి. క్యాండీ నుంచి ఎల్లా దాకా ఆరేడు గంటలు, టీ తోటల మధ్య. అరకు రైలెక్కిన మనకి కొండ లైను కొత్త కాదు, శిమిలిగూడ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. ఈ లైను మన బ్రాడ్‌గేజ్ వెడల్పుతోనే పట్టిపొళ స్టేషన్ దగ్గర సుమారు 1,900 మీటర్లకి ఎక్కుతుంది. ఆ కొండల మీద ముందు కాఫీ ఉండేది, తెగులొచ్చి తోటలన్నీ పోయాయి. 1867లో జేమ్స్ టేలర్ లూల్‌కందురలో టీ వేసి నిలదొక్కుకున్నాక అందరూ అటే మళ్లారు, ఆకు కోయడానికి తమిళనాడు నుంచి కూలీల్ని తెచ్చారు. ఇప్పుడు కిటికీలోంచి కనబడే పొడుగాటి లైన్ ఇళ్లలో ఉండేది వాళ్ల మనవలూ మునిమనవలూ. ఎల్లా దగ్గర తొమ్మిది కమానుల వంతెన 1921లో ఇనుము లేకుండా ఇటుక, రాయి, సిమెంటుతో కట్టింది. రిజర్వుడు టికెట్లు తెరిచిన రోజే అయిపోతుంటాయి, నెల ముందు నుంచి చూస్తుండండి. దొరక్కపోతే అదే రోజు స్టేషన్లో అన్‌రిజర్వుడు టికెట్ కొనుక్కుని నిలబడైనా వెళ్లొచ్చు. పెద్ద వానలప్పుడు కొండచరియలు పడి లైను ఆపేస్తారు, వెళ్లే వారం రైళ్లు నడుస్తున్నాయో లేదో కనుక్కోండి. తలుపు దగ్గర వేలాడుతూ ఫోటోలు దిగేవాళ్లని చూసి మీరు అలా చేయొద్దు, మనుషులు పడి చనిపోయారు.

రూటు అంటారా, డిసెంబరు నుంచి మార్చి మధ్య అయితే కొలంబోలో దిగి క్యాండీ రెండు రాత్రులు, రైల్లో ఎల్లా ఒక రాత్రి, అక్కణ్నుంచి కిందకి దిగి గాలె కోటలో మూడు రాత్రులు. అందులో ఒక పొద్దున మిరిస్సా నుంచి పడవలో నీలి తిమింగలాల్ని చూడటానికి వెళ్లండి, దూరం పాటించే పడవవాళ్లనే ఎంచుకోండి. వేసవిలో అయితే అనురాధపుర రెండు రాత్రులు, సిగిరియా దగ్గర రెండు, ట్రింకోమలీ రెండు. ట్రింకోమలీలో పోర్చుగీసులు 17వ శతాబ్దంలో కూల్చి ఆ రాళ్లతో కోట కట్టుకున్న కోణేశ్వర స్వామి గుడి, మళ్లీ ఆ కొండ కొమ్మునే లేచి ఉంది, సాయంత్రం పూజ వేళకి వెళ్లండి. రెండు రూట్లలోనూ చివరి రాత్రి ఎయిర్‌పోర్టుకి దగ్గరలో నెగొంబోలో పడుకోండి. ఎయిర్‌పోర్టు కొలంబో సిటీలో లేదు, కటునాయకెలో ఉంది. ట్రింకోమలీ నుంచి నేరుగా ఫ్లైటు అందుకుందామనుకుంటే రాత్రంతా ప్రయాణమే అవుతుంది, కాబట్టి ఆ రోజు తెల్లారగానే బయల్దేరండి.